హంతకుడికి వినిపించిన గుండె చప్పుడు మనకూ వినిపించాలా?

తెరచాటు:
మేం నలుగురం కలిసి ఎడ్గార్ అలన్ పో ‘ది టెల్-టేల్ హార్ట్’ను పాతకాలం అమెరికన్ రేడియో పద్ధతిలో అరగంట నాటకంగా చేస్తున్నాం. స్క్రిప్టు దాదాపు అయిపోయింది, చివరి సీను దగ్గర గొడవ మొదలైంది. చదవనివాళ్ల కోసం కథ క్లుప్తంగా: ఒకడు తనతో ఉంటున్న ముసలాయన కన్ను చూస్తే భరించలేక ఆయన్ని చంపి, గదిలో నేల చెక్కల కింద దాచేస్తాడు. ముగ్గురు పోలీసులు వస్తారు. వీడు ధీమాగా, శవం ఉన్న చోటే కుర్చీ వేసుకుని కబుర్లు చెబుతుంటాడు. కాసేపటికి వాడికి గుండె కొట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తుంది. అది పెరిగి పెరిగి, చివరికి తట్టుకోలేక అరిచి నేరం ఒప్పేసుకుంటాడు.

ఆ చప్పుడు శ్రోతకు వినిపించకూడదని నా వాదన. 1843లో అచ్చయిన ఈ కథలో మొదటి వాక్యం నుంచీ వాడి గోల ఒక్కటే, నాకు పిచ్చి లేదు అని. మనం డబ్ డబ్ మని కొట్టించామంటే, వాడు చెప్పింది నిజమేనని మనమే సాక్ష్యం చెప్పినట్టు. నటుడి గొంతులోనే అది తెలియాలి. మిగతా ముగ్గురూ ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

అర్ధరాత్రి శ్రోత:
వినిపించాల్సిందే. రేడియోలో ఉన్నదే చెవి, దాన్నీ మూసేస్తే ఇంకేం మిగులుతుంది? ‘ఇన్నర్ శాంక్టమ్’ వాళ్లు 1941లో హారర్ సినిమాల నటుడు బోరిస్ కార్లాఫ్‌తో ఇదే కథ వేశారు. కిర్రుమనే తలుపుతో మొదలయ్యే ప్రోగ్రాం అది, చప్పుళ్లకు మొహమాటపడే రకం కాదు.

బెజవాడ బాబాయ్:
ఆ ప్రోగ్రాంకి కొన్నాళ్లు లిప్టన్ టీ స్పాన్సర్. హోస్టు శవాల మీద జోకులేస్తుంటే టీ కంపెనీ తరఫు అమ్మాయి ఆయన్ని మందలించేది. మీ నాటకానికి స్పాన్సర్ ఎవరు నాయనా?

తెరచాటు:
మా జేబులే బాబాయ్.

కొసమెరుపు:
తెరచాటు గారూ, శ్రోతకి వినిపిస్తే అది నిజమైపోతుందన్న దగ్గరే మీతో పేచీ. ‘సస్పెన్స్’, ‘ఎస్కేప్’ లాంటి ప్రోగ్రాంలలో సగం నాటకాలు ‘నేను’ అంటూ ఒకడు చెప్పుకుపోయేవే. ఆ పద్ధతికి అలవాటుపడ్డ శ్రోత పోలీసుల పక్కన కూర్చోడు, హంతకుడి తలలో కూర్చుంటాడు. అక్కడ వినిపించేదంతా వాడి చెవికి పడ్డదే.

ఇంకో మాట. కాగితం మీద పో ఒకేసారి రెండు చెప్పలేడు. చప్పుడు పెరిగింది అని ఒక వాక్యం, వాళ్లు హాయిగా కబుర్లాడుతున్నారు అని ఇంకో వాక్యం, ఒకదాని తర్వాత ఒకటి రాయాల్సిందే. రేడియోలో రెండూ కలిసే నడుస్తాయి. చప్పుడు పెంచుతూ పోండి, పోలీసుల గొంతులు మాత్రం మొదట్లో ఎంత మామూలుగా ఉన్నాయో అలాగే ఉంచండి. ఒక్కరూ గొంతు పెంచరు, ఏమిటా చప్పుడు అని ఒక్కరూ అడగరు. అది వాడికి తప్ప ఎవరికీ వినిపించడం లేదని శ్రోతకి వేరే చెప్పాలా? మీరు కాపాడాలనుకుంటున్న అనుమానం చప్పుడు తీసేస్తే పోతుంది గానీ, ఉంచితే పోదు.

మరచెంబు:
వినిపించాలా వద్దా తర్వాత. ఏం వినిపించాలి? అందరూ హాస్పిటల్ సీరియల్లో లాగా లబ్-డబ్ వేసేస్తారు. పో రాసింది అది కాదు. దూదిలో చుట్టిన గడియారం చేసే లాంటి సన్నని, మందమైన, వేగమైన చప్పుడు అంటాడు. ఈ పోలిక కథలో రెండుసార్లు వస్తుంది, హత్యకు ముందొకసారి, పోలీసుల ముందొకసారి.

చేసి చూశాను. బ్యాటరీ వాచీ పనికిరాదు, సెకనుకి ఒక్కసారే కొట్టుకుంటుంది. మా నాన్నగారి కీ ఇచ్చే హెచ్‌ఎంటీని దూదిలో చుట్టి ఫోన్ మైకుకి ఆనించాను. సెకనుకి నాలుగైదు సార్లు, ఊపిరి బిగబడితే తప్ప వినపడనంత మెత్తగా. మామూలుగా ఏ మనిషి గుండే ఆ వేగంతో కొట్టుకోదు! పైగా రాత్రిళ్లు గోడల్లో పురుగుల టిక్‌టిక్ వింటూ కూర్చునే అలవాటు తనకుందని వాడే ఒకచోట చెబుతాడు. ‘డెత్ వాచ్’ అనే చెక్కపురుగు అది, చావుకి సూచన అని పాతకాలం వాళ్ల నమ్మకం. కాబట్టి అది గుండెనా, గడియారమా, పురుగా? మీరు లబ్-డబ్ వేసిన క్షణాన మిగతా రెండు దారులూ మూసుకుపోయాయి.

అర్ధరాత్రి శ్రోత:
మరచెంబూ, దండం పెట్టాలి నీకు.

తెరచాటు:
గడియారం సంగతి బాగుంది, మా వాళ్లకి చెబుతాను. అయినా కొసమెరుపు గారి మాటకు లొంగను. తలలో కూర్చోబెట్టడమే నాకు అభ్యంతరం. చదివేటప్పుడు వాడికి ఒక అడుగు దూరంలో ఉండి, ఈ మనిషి తేడాగా ఉన్నాడే అనుకునే వీలుంటుంది. చెవిలో చప్పుడు పోశాక ఆ దూరం ఎక్కడిది?

చుక్కపొద్దు:
ప్రతి కథకీ ఒకే రూలు కుదరదు. డబ్ల్యూ డబ్ల్యూ జేకబ్స్ 1902 నాటి ‘మంకీస్ పా’ చూడండి. మన దేశంలో ఒక ఫకీరు మంత్రించిన కోతి పంజా, మూడు కోరికలు తీరుస్తుంది. మొదటి కోరిక 200 పౌన్లు. కొడుకు ఫ్యాక్టరీలో యంత్రంలో పడి పోతే పరిహారంగా సరిగ్గా అంతే వస్తుంది. రెండో కోరిక, వాడు తిరిగి రావాలని. రాత్రి తలుపు చప్పుడవుతుంది.

ఆ చివరి పేజీ చెవితోనే రాశాడాయన. తల్లి కిందికి పరుగెడుతుంది. తండ్రికి కనిపించేది ఏమీ లేదు, నేలమీద పంజా కోసం తడుముకుంటూ ఉంటాడు. గొలుసు గలగలమంటుంది, కింది గడియ బిగుసుకుపోయి నెమ్మదిగా జారుతుంది, పై గడియ అందక ఆమె కుర్చీ లాక్కొస్తుంది. తలుపు మీద దెబ్బలు ఒకదాని మీద ఒకటి. పై గడియ కిర్రుమంటుండగా ఆయనకి పంజా దొరుకుతుంది, మూడో కోరిక కోరుకుంటాడు, దెబ్బలు ఆగిపోతాయి. సౌండ్ మనిషి దాన్ని వరసగా చేసుకుపోతే చాలు. ఆ తలుపు మొగుడూ పెళ్లాం ఇద్దరికీ వినిపిస్తోంది కాబట్టి మనకీ వినిపించాలి. బయట నిలబడ్డవాడి మూలుగో, కాళ్లీడ్చే చప్పుడో కలిపితే మాత్రం కథ అక్కడే చచ్చింది. పో కథలో చప్పుడు ఒక్కడి సొత్తు. నా ఓటు తెరచాటుకే.

కొసమెరుపు:
‘త్రీ స్కెలిటన్ కీ’ విన్నారా మీరు? లైట్‌హౌస్‌లో ముగ్గురు కాపలాదార్లు, ఎలుకలతో నిండిన ఓడ వచ్చి తగులుతుంది, అవి లైట్‌హౌస్ అద్దాలన్నీ కప్పేస్తాయి. 1950లో ‘ఎస్కేప్’లో నటుడు విన్సెంట్ ప్రైస్ చెప్పింది. ఆ కీచుమనే రొద తీసేసి గొంతుతోనే నెట్టుకురమ్మంటే ప్రైస్ అయినా ఏం చేస్తాడు?

చుక్కపొద్దు:
ఆ ఎలుకలు ముగ్గురికీ వినిపిస్తున్నాయి కదా అన్నా. నేను చెప్పేదీ అదేగా!

గుడ్డిదీపం:
అసలు కథల్ని తెచ్చి రేడియోలోకి ఎందుకు ఇరికిస్తారు? రేడియో కోసమే పుట్టినవి వినండి. 1943లో ‘సారీ, రాంగ్ నంబర్’, 1948లో ‘ది థింగ్ ఆన్ ది ఫోర్‌బుల్ బోర్డ్’. ఇలాంటి పంచాయితీ వాటికి లేదు.

బెజవాడ బాబాయ్:
లేకేం! ‘లైట్స్ అవుట్’ కూడా రేడియో కోసమే రాసుకున్నది. మనిషి ఒళ్లు లోపలిది బయటికి తిరగబడే చప్పుడు కోసం తడి రబ్బరు గ్లవ్ తిరగదీశారు. ఎంతవరకు వినిపించాలన్న తగువు అప్పటిదే.

తెరచాటూ, ఒక మాట. ఆదివారం మధ్యాహ్నం విజయవాడ స్టేషన్ నాటకాలు వింటూ పెరిగినవాణ్ణి, నటుడి గొంతు ఒక్కటే చాలంటే నమ్మగలను. కానీ మీ అసలు ఇబ్బంది ఇంకోటి ఉంది. కథలో ఆ ముగ్గురు పోలీసులకీ పో ఒక్క డైలాగూ రాయలేదు. మామూలు కబుర్లు చెప్పుకున్నారు, నవ్వారు, అంతే. తన భయం చూసి వెక్కిరిస్తున్నారని హంతకుడు అనుకుంటాడు. చప్పుడు పెట్టినా తీసేసినా ఆ సీను మోయాల్సింది ఆ కబుర్లే, కనీసం రెండు నిమిషాలు. పైకి ఉత్త కాలక్షేపం, వాడి చెవికి మాత్రం ప్రతి మాటా పొడిచినట్టు ఉండాలి. అవి రాశారా?

తెరచాటు:
‘పోలీసులు మాట్లాడుకుంటుంటారు’ అని బ్రాకెట్లో ఉంది బాబాయ్.

బెజవాడ బాబాయ్:
ముందు ఆ బ్రాకెట్ తీసి కూర్చో. వాచీ సంగతి రేపు చూద్దాం.