ఇరవై నిమిషాల పరిచయంతో గుర్రం దూకుతుందా? సెయింట్ బాయ్ గొడవ మీద చర్చ

రికాబు:
2021 ఆగస్టు 6, టోక్యో ఒలింపిక్స్. ఒకరే ఐదు ఆటలు ఆడే మోడర్న్ పెంటాథ్లాన్ మహిళల పోటీలో కత్తిసాము, ఈత అయ్యేసరికి జర్మనీకి చెందిన అన్నికా ష్లోయ్ అందరికంటే ముందుంది. తర్వాత షో జంపింగ్, అంటే గుర్రంతో కర్రల ఫెన్సులు దూకించడం. ఈ ఆటలో సొంత గుర్రం ఉండేది కాదు. లాటరీలో ఏది వస్తే దాని మీద 20 నిమిషాలు ప్రాక్టీస్ చేసి బరిలోకి దిగాల్సి వచ్చేది. ఆమెకు సెయింట్ బాయ్ వచ్చింది, మొరాయించింది. ఆమె ఏడుస్తూనే స్వారీ చేసింది. కోచ్ కిమ్ రైస్నర్ కంచె బయటి నుంచి కొట్టమని అరిచి, తనే గుర్రాన్ని పిడికిలితో గుద్దింది. కోచ్‌ను మిగతా ఆటల నుంచి పంపించేశారు, ష్లోయ్ 31వ స్థానంలో మిగిలింది. చివరికి పారిస్ 2024 తర్వాత గుర్రాన్నే ఆటలోంచి తీసేసి, దాని చోట మనుషులు అడ్డంకులు దాటే పరుగు పెట్టారు. నా మటుకు ఇది తప్పుడు నిర్ణయం. మీరేమంటారు?

మలక్‌పేట కుర్రాడు:
ఆడలేక మద్దెల ఓడు అంటే ఇదే. వీడియో ఇంకోసారి చూడండి. చేతులు పగ్గాలను బిగపట్టి ఉన్నాయి, మడమలు డొక్కలో పొడుస్తున్నాయి. ముందుకెళ్లమంటున్నట్టా, ఆగమంటున్నట్టా? ఏం చేయాలో తెలియకే అది వెనక్కి నడిచింది. పైగా 120 సెంటీమీటర్ల ఫెన్సులు. ఒలింపిక్ షో జంపింగ్‌లో 165 దాకా ఎగురుతారు. ఈ మాత్రం రానివాళ్లని ఆ జీను మీద ఎవరు కూర్చోమన్నారు?

లాయం పక్కిల్లు:
తమ్ముడూ, సగమే చెప్పావు. ఆ గుర్రం అంతకుముందే రష్యా అమ్మాయి గుబైదుల్లినా ఎక్కినప్పుడు మొరాయించింది. అలా చెడిన గుర్రాన్ని అదే రోజు రెండో మనిషికి ఇచ్చారు. మొరాయించిన చోటే వదిలేస్తే గుర్రం నేర్చుకునేది ఒక్కటే, ఆగితే పని తప్పుతుందని. పని తెలిసిన ట్రైనర్ ఎవరైనా ముందు కర్ర కిందికి దించి, మోకాలెత్తు ఫెన్స్ రెండుసార్లు దాటించి, మెడ నిమిరి, ఆ తర్వాతే లాయానికి పంపుతాడు. అక్కడ అంత తీరిక ఎవరికుంది? నేనైతే రైడర్ కంటే ఆ నిబంధనలు రాసినవాళ్లనే ముందు నిలదీస్తాను.

రైడింగ్ టీచరమ్మ:
తప్పెవరిదన్నది పక్కనపెట్టి, గుర్రం వైపు నుంచి రెండు ముక్కలు చెప్తాను.

హైదరాబాద్ చుట్టుపక్కల రైడింగ్ స్కూళ్లలో రేసుల నుంచి రిటైరైన థరోబ్రెడ్లు (రేసు జాతి గుర్రాలు) చాలా కనిపిస్తాయి. రేసు గుర్రానికి చిన్నప్పుడే అలవాటయ్యేది ఏమిటంటే, పగ్గం బిగిస్తే కళ్లెం మీద ఆనుకుని ఇంకా ఉరకడం. జంపింగ్‌లో సరిగ్గా దానికి ఉల్టా కావాలి. అందుకే మొదట ఫెన్సే ఉండదు. నేల మీద కర్రలు పరిచి వాటి మీదుగా నడిపిస్తాం, తర్వాత ట్రాట్, అంటే నడక కంటే వేగంగా చిన్న పరుగు. మధ్యలో దూరం సుమారు 1.3 మీటర్లు, ఒక్కో సందులో ఒక్కో అడుగు పడాలి. గిట్ట కర్రకు తగిలి టక్కుమంటే రేసు గుర్రం బెదిరి పరిగెత్తబోతుంది. అప్పుడు రైడర్ లాగకుండా ఊపిరి వదిలి, నడుము బరువుగా ఉంచి కూర్చోవాలి. పిల్లలకు ఇది నేర్పడమే మహా కష్టం, భయమేస్తే చెయ్యి దానంతటదే లాగేస్తుంది.

ఇంకోటి. గుర్రం కళ్లు తలకు పక్కల ఉంటాయి, ముక్కుకు ఎదురుగా కొంత మేర దానికి కనిపించదు. ఎగిరే క్షణానికి కర్ర సరిగా ఆ చోటులోకే వచ్చేస్తుంది. దూరం నుంచి చూసుకున్న లెక్కను నమ్ముకునే అది ఎగరాలి. ఆఖరి అడుగులో నోట్లో కళ్లెం ఒక్కసారి జివ్వుమని లాగితే ఆ నమ్మకం పోతుంది, మళ్లీ రావడానికి వారాలు పడుతుంది. కాబట్టి మలక్‌పేట బాబు చూసింది నిజమే. కానీ టెన్షన్‌లో ఏడుస్తున్న మనిషి చేతులు మెత్తగా ఉండాలంటే ఏళ్ల అలవాటు కావాలి. ఐదు ఆటలు నేర్చుకునేవాళ్లకి రోజూ జీను మీద ఎంతసేపు దొరుకుతుంది చెప్పండి.

మలక్‌పేట కుర్రాడు:
మేడమ్, అదే కదా నేనంటున్నది. రానప్పుడు తీసేయడమే న్యాయం. గుర్రానికి పతకం అక్కర్లేదు.

రికాబు:
తెలియని గుర్రం మీద స్వారీ అసాధ్యమైతే ఒప్పుకునేవాణ్ణి. 1953లో మొదలైన షో జంపింగ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఫైనల్ ఎలా జరిగేదో తెలుసా? చివరికి మిగిలిన నలుగురూ ఒకరి గుర్రం మీద ఒకరు మార్చుకుని దూకాలి. 2014లో ఫ్రాన్స్‌లోని నార్మండీలో డచ్ రైడర్ జెరోన్ డుబ్బెల్‌డామ్ అలాగే గెలిచాడు. మంచి రైడర్ ఎవరో తేల్చడానికి దాన్ని మించిన పరీక్ష నాకు కనబడదు.

లాయం పక్కిల్లు:
అన్నా, దాన్ని కూడా ఆ తర్వాత ఎత్తేశారు, 2018లో అమెరికాలోని ట్రయాన్‌లో జరిగిన ఛాంపియన్‌షిప్‌లో లేదు. పైగా అక్కడ మార్చుకున్నవి ప్రపంచంలోనే మేటి గుర్రాలు, ఎక్కినవాళ్లు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి జీను మీదున్నవాళ్లు. టోక్యోతో పోలికేంటి?

రైడింగ్ టీచరమ్మ:
పోలిక ఉందండీ, శిక్షణలో. ఒకే గుర్రం మీద రెండేళ్లు నేర్చుకున్న పిల్లలకు వచ్చేది స్వారీ కాదు, ఆ గుర్రం. నేను వారం వారం గుర్రం మార్చి ఇస్తాను. తల్లిదండ్రులు వచ్చి గొడవ పెడతారు, “మా పాపకి అలవాటైనదే ఇవ్వండి” అని. మొద్దు గుర్రం మీద పిక్కల బలం వస్తుంది, బెదురు గుర్రం మీద చెయ్యి నెమ్మదిస్తుంది. నన్నడిగితే పెంటాథ్లాన్‌లో ఫెన్స్ ఎత్తు 90 సెంటీమీటర్లకు దించి, ఒకసారి ఎదురు తిరిగిన గుర్రాన్ని ఆ రోజుకి పక్కన పెట్టి, దూకడానికి కాకుండా స్వారీ పద్ధతికి మార్కులు వేయాల్సింది.

మలక్‌పేట కుర్రాడు:
90 దాకా దించితే ఒలింపిక్స్‌లో ఎవరు చూస్తారు మేడమ్? టీవీ వాళ్లకి అడ్డంకుల పరుగే నయం. 2023 అక్టోబర్‌లో ముంబైలో ఒలింపిక్ కమిటీ సమావేశం పెంటాథ్లాన్‌ని లాస్ ఏంజెలెస్ 2028కి ఖాయం చేసింది, గుర్రాన్ని తీసేయాలని తేలాకే.

రికాబు:
పెంటాథ్లాన్ బతికింది, ఒప్పుకుంటాను. కానీ 1912 నుంచీ శత్రువుల మధ్య చిక్కుకున్న సైనికుడి కథ చెప్పుకుని నడిపిన ఆట అది, అందులో వాడు దొరికిన గుర్రమెక్కి తప్పించుకుంటాడు. ఇప్పుడు వాడు ఏమెక్కి పోతాడు?

లాయం పక్కిల్లు:
గోడ దూకి పోతాడులే అన్నా. టీచరమ్మా, ఆ నేల కర్రల కొలతలు ట్రాట్‌కి, క్యాంటర్‌కి (ఇంకా వేగమైన దౌడుకి) విడివిడిగా రాసి పెట్టండి, మా వీధిలో ఇద్దరు పిల్లలు అడుగుతున్నారు.