అల్సేషియన్ అన్నా జర్మన్ షెపర్డ్ అన్నా ఒకటేనా?

ప్రశ్న:
ఒక పాత ఇంగ్లీషు కథను తెలుగు చేస్తున్నాను. 1930ల నాటి ఇంగ్లండులో జరిగే కథ. అందులో ఒకచోట 'అల్సేషియన్ గుమ్మంలో పడుకుని ఉంది' అనే అర్థం వచ్చే వాక్యం ఉంది. నిఘంటువు తీస్తే 'అల్సాస్ ప్రాంతానికి చెందిన' అన్న అర్థం కనిపించింది. ఇంకేం, 'అల్సాస్ వాడొకడు గుమ్మంలో పడుకుని ఉన్నాడు' అని రాసేశాను. రెండు పేరాలు పోయాక ఆ అల్సాస్ వాడు తోక ఊపాడు!

కుక్క అని అర్థమైంది గానీ సందేహాలు తీరలేదు. ఇది మనం జర్మన్ షెపర్డ్ అనే కుక్కేనా? షెపర్డ్ అంటే గొర్రెల కాపరి కదా, మనిషి చేసే పని పేరు కుక్కకెలా వచ్చింది? తెలుగులో ఏ పేరు రాయాలి?

జవాబు:
అదే కుక్కండీ. జాతి ఒకటే, పేర్లు రెండు. మధ్యలో ఒక యుద్ధం ఉంది.

జర్మన్ భాషలో దీని పేరు డాయిచర్ షేఫర్‌హుండ్. షేఫర్ అంటే గొర్రెల కాపరి, హుండ్ అంటే కుక్క. కాపరి వెంట ఉండి మందను కాసే కుక్క అన్నమాట. మాక్స్ ఫాన్ స్టెఫానిట్స్ అనే జర్మన్ సైనికాధికారి 1899లో ఒక సంఘం పెట్టి, ఈ జాతికి లక్షణాలు నిర్ణయించి, నమోదు మొదలుపెట్టాడు. ఇంగ్లీషులోనూ పూర్తి పేరు జర్మన్ షెపర్డ్ డాగే. మాటల్లో చివరి డాగ్ రాలిపోయింది, కాపరి ఒక్కడే మిగిలాడు. మీ రెండో సందేహానికి జవాబు అంతే.

ఇక అల్సేషియన్ సంగతి. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి బ్రిటన్‌లో జర్మన్ అన్న మాట వింటేనే జనానికి మంట. 1917లో సాక్షాత్తూ రాజకుటుంబమే జర్మన్ ఇంటిపేరు వదిలేసి విండ్సర్ అయింది. కుక్క ఒక లెక్కా? 1919లో అక్కడి కెన్నెల్ క్లబ్ ఈ జాతిని నమోదు చేసుకున్నప్పుడు జర్మన్ ఊసు లేకుండా అల్సేషియన్ ఉల్ఫ్ డాగ్ అని పేరు పెట్టారు. అల్సాస్ అంటే ఫ్రాన్స్, జర్మనీ సరిహద్దులో ఉన్న ప్రాంతం. 1871 నుంచి జర్మనీ చేతిలో ఉండి, యుద్ధం అయ్యాక ఫ్రాన్స్‌కు తిరిగి వచ్చింది. కాబట్టి ఆ పేరు ఎవరికీ గుచ్చుకోలేదు. పేరులోని ఉల్ఫ్, అంటే తోడేలు, అనే మాటే జనాన్ని భయపెట్టింది, తర్వాత దాన్నీ తీసేశారు.

1977లో గానీ బ్రిటన్‌లో జర్మన్ షెపర్డ్ పేరుతో నమోదుకు ఒప్పుకోలేదు. ఆ తర్వాత కూడా అధికారిక పేరు పక్కన బ్రాకెట్లో అల్సేషియన్ ఉండేది. దాన్ని 2010లో తీసేశారు. అందుకే పాత బ్రిటిష్ రచనల్లో అల్సేషియనే ఎక్కువ కనిపిస్తుంది. ఇప్పటికీ అనేవాళ్లున్నారు, తప్పేం కాదు.

మరొకరు:
రెండూ వేరని విన్నానే? అల్సేషియన్‌కు బొచ్చు ఎక్కువంటారు.

జవాబు:
చాలామంది అలాగే అంటారు గానీ, నిజం కాదండీ. ఒకే జాతిలో పొట్టి బొచ్చువీ ఉంటాయి, పొడుగు బొచ్చువీ ఉంటాయి. పేరుకూ బొచ్చుకూ సంబంధం లేదు. అయితే ఒక చిక్కుంది: అమెరికన్ అల్సేషియన్ అని ఈమధ్య తయారైన జాతి ఒకటుంది. అది నిజంగానే వేరు. 1930ల కథలోకి అది వచ్చే అవకాశం లేదు కాబట్టి టెన్షన్ అక్కర్లేదు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. మరి తెలుగులో ఏది ఉంచమంటారు? ఇంగ్లీషులో రాయాల్సి వస్తే పెద్ద అక్షరాలు ఎక్కడ పెట్టాలి?

జవాబు:
నన్నడిగితే అల్సేషియన్ అనే ఉంచండి. ఆ కాలపు ఇంగ్లండు మనిషి నోట జర్మన్ షెపర్డ్ అనిపిస్తే కథ కాలం చెదిరిపోతుంది. మొదటిసారి మాత్రం 'అల్సేషియన్ కుక్క' అని రాస్తే చాలు, తర్వాత ఉత్త అల్సేషియన్ అన్నా పాఠకుడు మనిషనుకోడు. 'జర్మన్ గొర్రెల కాపరి' అని మాత్రం చచ్చినా అనువదించకండి. 1920ల నాటి అమెరికన్ కథల్లో పోలీస్ డాగ్ అని ఉంటే, అది పోలీసుల దగ్గరున్న కుక్కే కానక్కర్లేదు. చాలాసార్లు ఈ జాతినే అలా పిలిచేవారు.

ఇంగ్లీషులో అల్సేషియన్, జర్మన్ రెండూ చోటును బట్టి వచ్చిన మాటలు గనుక ఎప్పుడూ పెద్ద అక్షరంతోనే మొదలవుతాయి. షెపర్డ్‌కు మామూలు రచనల్లో చిన్న అక్షరం సరిపోతుంది. కెన్నెల్ క్లబ్బులు మాత్రం జాతి పేరు మొత్తాన్నీ పెద్ద అక్షరాలతో మొదలుపెడతాయి. అల్సేషియన్ ముందు 'ఏ' కాదు, 'యాన్' వస్తుంది.

పనిలో పనిగా ఉచ్చారణ: షెఫర్డ్ కాదు, షెపర్డ్. గొర్రె అనే షీప్, కాపరి అనే హెర్డ్ కలిసిన మాట అది. పక్కపక్కన ఉన్నాయి కదా అని ఆ పీ, హెచ్‌లను కలిపి 'ఫ' పలకకూడదు. మనవాళ్లు సగం మంది షెఫర్డ్ అనే రాస్తారు, నేనూ చాలాకాలం అలాగే రాశాను.

ప్రశ్న అడిగినవారు:
దిద్దేశానండీ. తర్వాతి అధ్యాయంలో గ్రేట్ డేన్ అని ఒకటి తగిలింది. ఇదైనా డెన్మార్క్ మనిషేనా?

జవాబు:
అదీ కుక్కే! పైగా డెన్మార్క్‌ది కూడా కాదు, మళ్లీ జర్మనీదే.