క్యాలరీ యాప్‌లు, చేతి వాచ్‌లు: వీటి వెనక నిజంగా రీసెర్చ్ ఉందా?

ఖమ్మం_కోడలు:

నమస్తే అండి అందరికీ. మా మామయ్యగారికి 63 ఏళ్ళు, రిటైర్డ్ టీచర్. మొన్న టెస్టులు చేయిస్తే హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 6.2 వచ్చింది. ఇంకా షుగర్ కాదు, బార్డర్‌లో ఉన్నారు, మందులేం రాయట్లేదు, కాస్త బరువు తగ్గండి, రోజూ నడవండి, మూడు నెలల తర్వాత మళ్ళీ చూద్దాం అన్నారు డాక్టరుగారు.

మా మరిది బెంగళూరులో ఉంటాడు, విషయం తెలిసిన రోజు నుంచి ఒక డైట్ యాప్‌కి ఏడాది ప్లాన్ కట్టేద్దాం, చేతికి వాచ్ కూడా కొనేద్దాం అని ఒకటే గొడవ, రెండూ కలిపి ఇరవై వేలు దాటుతోంది. డబ్బు సంగతి అలా ఉంచండి. ఆ యాప్ పేజీలో శాస్త్రీయంగా నిరూపితం అని పెద్ద అక్షరాలతో ఉంది, ఎవరు నిరూపించారు ఎక్కడ నిరూపించారు అని కిందిదాకా వెతికితే కస్టమర్ల ఫోటోలు తప్ప ఏమీ లేవు. మామయ్యగారైతే "వాడినవాళ్ళనీ వాడనివాళ్ళనీ పక్కపక్కన పెట్టి ఎవరైనా చూశారామ్మా" అని అడిగారు, నా దగ్గర జవాబు లేదు. యూట్యూబ్‌లో చూస్తే ప్రతివాళ్ళూ డిస్కౌంట్ కోడ్ ఇస్తున్నారు, అందుకే ఇక్కడ అడుగుతున్నా. పైగా మా ఇంట్లో జొన్నరొట్టె, పచ్చిపులుసు, సర్వపిండి, ఇవన్నీ అందులో ఎలా ఎక్కించాలో కూడా అర్థం కావట్లేదు.

తార్నాక_డైటీషియన్:

మీ మామయ్యగారు అడగాల్సిన ప్రశ్నే అడిగారండి. చూశారు, చాలాసార్లే చూశారు. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

2014లో అమెరికాలో మామూలు డాక్టర్ల దగ్గరికి వచ్చే పేషెంట్లలో అధిక బరువున్న 212 మందిని తీసుకుని, చీటీలు తీసినట్టు రెండు గ్రూపులు చేశారు. ఒక గ్రూపుకి క్యాలరీలు లెక్కపెట్టే మైఫిట్‌నెస్‌పాల్ యాప్ ఫోన్‌లో వేసిచ్చి ఎలా వాడాలో చూపించారు, రెండో గ్రూపుకి బరువు తగ్గడానికి మీకు నచ్చింది మీరు చేసుకోండి అన్నారు. ఆరు నెలలకి బరువు తూస్తే రెండు గ్రూపులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎందుకు లేదన్నది కూడా ఆ పేపర్లోనే కనపడుతుంది, మొదటి నెల దాటాక యాప్ తెరిచేవాళ్ళే బాగా తగ్గిపోయారు. 2015లో డ్యూక్ యూనివర్సిటీ వాళ్ళు 365 మంది యువతీయువకులతో చేసిన ట్రయల్‌లో ఒక గ్రూపుకి యాప్, ఒక గ్రూపుకి మనిషి కోచింగ్, ఒక గ్రూపుకి ఉత్త కరపత్రాలు. కోచింగ్ గ్రూపు ఆరు నెలలప్పుడు కొంచెం ముందుంది, రెండేళ్ళయ్యేసరికి ముగ్గురూ ఒక్కచోటే.

ఇంక ఒంటిమీద పెట్టుకునే ట్రాకర్ల సంగతి. 2016లో పిట్స్‌బర్గ్ వాళ్ళ ట్రయల్ జామా జర్నల్‌లో వచ్చింది, 471 మంది, రెండేళ్ళు. మొదటి ఆరు నెలలు అందరికీ ఒకే రకం డైట్, ఎక్సర్‌సైజ్, గ్రూప్ మీటింగులు. ఆ తర్వాత సగం మంది తమ లెక్కలు తామే వెబ్‌సైట్‌లో రాసుకున్నారు, మిగతా సగానికి భుజం దగ్గర కట్టుకునే ట్రాకర్ ఇచ్చారు. రెండేళ్ళకి ట్రాకర్ వాళ్ళు సగటున 3.5 కిలోలు తగ్గితే, ట్రాకర్ లేనివాళ్ళు 5.9 కిలోలు తగ్గారు. అంటే మిషను పెట్టుకున్నవాళ్ళే వెనకబడ్డారు. ఇది చదివి చాలామంది డాక్టర్లే ఆశ్చర్యపోయారు.

మరి కంపెనీలు చెప్పే నిరూపితం ఎక్కడినుంచి వస్తోంది అంటారా? ఒక ఉదాహరణ చెప్తా. నూమ్ యాప్ మీద 2016లో ఒక పేపర్ వచ్చింది, 35,921 మందిలో 77.9 శాతం బరువు తగ్గారు అని. వినడానికి చాలా గొప్పగా ఉంటుంది. కానీ ఆ లెక్కలోకి ఎవర్ని తీసుకున్నారో చూడండి, వరసగా ఆరు నెలలు, నెలకి కనీసం రెండుసార్లు డేటా ఎక్కించినవాళ్ళని మాత్రమే. రెండు వారాలకి విసిగి తీసేసినవాళ్ళు లెక్కలో లేరు, యాప్ వాడని గ్రూపు అంటూ అసలు లేదు. చివరిదాకా మిగిలినవాళ్ళని మాత్రమే లెక్కపెడితే శాతం ఎక్కువే వస్తుంది. ఎవరైనా నిరూపితం అంటే పోల్చడానికి వాడనివాళ్ళ గ్రూపు ఉందా, మధ్యలో మానేసినవాళ్ళని లెక్కలో ఉంచారా, ఈ రెండూ అడగండి.

అయితే రాసుకోవడం దండగ అని మాత్రం అనను. 2008లో అమెరికాలో కైజర్ పర్మనెంటే అనే ఆరోగ్య సంస్థ వాళ్ళ స్టడీలో 1,700 మంది దాకా ఉన్నారు, తిన్నది రోజూ రాసుకున్నవాళ్ళు అసలు రాయనివాళ్ళకంటే రెట్టింపు బరువు తగ్గారు. రాయడం వల్లే తగ్గారా, పట్టుదల ఉన్నవాళ్ళే రోజూ రాశారా అన్నది ఆ ఒక్క స్టడీతో తేలదు, కానీ తిన్నది రాసుకోవడం అనేది చాలా స్టడీల్లో మళ్ళీ మళ్ళీ బరువు తగ్గడంతో కలిసే కనపడుతోంది. వాళ్ళు రాసింది పుస్తకంలో, దానికి ఏడాది ప్లాన్ అక్కర్లేదు.

కోడ్_గోదావరి:

జొన్నరొట్టె, సర్వపిండి సంగతి నేను చెప్తానండి. గతంలో ఒక హెల్త్ యాప్‌కి ఫుడ్ డేటాబేస్ పని చేశాను, పేరెందుకు లెండి.

మన దేశంలో ఆహార పదార్థాల్లో ఏముందో నిఖార్సైన లెక్క అంటే హైదరాబాద్‌లో ఉన్న ఎన్ఐఎన్, అదే జాతీయ పోషకాహార సంస్థ, 2017లో తెచ్చిన పట్టికలు. దేశాన్ని ఆరు ప్రాంతాలుగా విడగొట్టి శాంపిల్స్ తెచ్చి 528 పదార్థాలకి చేశారు, చాలా పెద్ద పని అది. కానీ అందులో ఉన్నవి ఎక్కువగా పచ్చి సరుకులు, బియ్యం కందిపప్పు జొన్నలు గోంగూర ఇలాంటివి. మీ ఇంటి పప్పుచారు అందులో ఉండదు కదా. కాబట్టి యాప్ వాళ్ళు ఏం చేస్తారంటే ఏదో ఒక రెసిపీ అనుకుని ఇంత పప్పు ఇంత నూనె ఇన్ని నీళ్ళు అని లెక్కకట్టి ఒక గిన్నెకి ఇన్ని క్యాలరీలు అని రాసేస్తారు, లేదా వాడేవాళ్ళే తోచింది ఎక్కించేస్తారు, అందుకే సర్వపిండి అని కొడితే మూడు రకాల అంకెలు వస్తాయి, ఒక్కోసారి అసలేమీ రాదు. ఒక పెద్ద చెంచా నూనె అంటేనే దగ్గరదగ్గర 120 క్యాలరీలు, ఒక ఇంట్లో తాలింపుకి ఒక చెంచా వేస్తారు ఇంకో ఇంట్లో మూడు వేస్తారు, యాప్‌కి ఎలా తెలుస్తుంది చెప్పండి. ఇప్పుడు ఫోటో తీస్తే చాలు క్యాలరీలు చెప్తాం అని వస్తున్నాయి, కూరలోకి ఇంకిపోయిన నూనె ఫోటోలో కనపడదు.

మనం చెప్పే లెక్క కూడా అంతంతమాత్రమే. 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక స్టడీ వచ్చింది, ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గట్లేదు అని చెప్పేవాళ్ళని తీసుకుని కొలిస్తే, తిన్నదాంట్లో 47 శాతం చెప్పకుండా వదిలేస్తున్నారని, చేసిన కష్టం 51 శాతం ఎక్కువ చేసి చెప్తున్నారని తేలింది. కావాలని అబద్ధం చెప్పారని కాదు, మనుషులకి గుర్తుండదు అంతే. వాచ్ విషయానికొస్తే 2017లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 60 మందికి ఏడు రకాల చేతి ట్రాకర్లు పెట్టి ల్యాబ్ మిషన్లతో పోల్చారు, గుండె వేగం ఆరింట్లో బాగానే వచ్చింది, 5 శాతం లోపే తేడా, కానీ ఖర్చయిన క్యాలరీల దగ్గర అన్నిటికంటే మంచిది కూడా 27 శాతం తప్పు, అన్నిటికంటే చెత్తది 93 శాతం తప్పు. తిన్న లెక్క ఉజ్జాయింపు, ఖర్చు లెక్క ఉజ్జాయింపు, ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి ఇవాళ మీకు ఇంకా 212 క్యాలరీలు మిగిలాయి అని స్క్రీన్ మీద చూపిస్తుంటే, ఆ పని చేసినవాడిగా నాకు బాధేస్తుందండి, జనం ఆ అంకె నమ్మి ఇంకో రెండు బిస్కెట్లు తింటారు.

ట్యాంక్‌బండ్_నడక:

డైటీషియన్ గారూ, మీరు వాచ్‌ని మరీ తీసిపారేశారు, ఒప్పుకోను. 2022లో లాన్సెట్ డిజిటల్ హెల్త్‌లో ఇలాంటి రివ్యూలన్నీ కలిపి చూసిన పెద్ద రివ్యూ వచ్చింది, ట్రాకర్ పెట్టుకున్నవాళ్ళు రోజుకి సుమారు 1,800 అడుగులు ఎక్కువ నడుస్తున్నారు, నడిచే సమయం రోజుకి ఓ నలభై నిమిషాలు పెరిగిందని కూడా ఆ రివ్యూ లెక్క. ఒక కిలో దాకా బరువు కూడా తగ్గుతున్నారు. కూర్చునే ఉద్యోగాలు చేసేవాళ్ళకి, రిటైరైన వాళ్ళకి ఆ నలభై నిమిషాలు చిన్న విషయం కాదు. నేను వాచ్ పెట్టుకున్నాకే సాయంత్రం నడక అలవాటైంది, అడుగులు తక్కువ కనపడితే ఇంకో రౌండ్ వేసి వస్తా.

తార్నాక_డైటీషియన్:

@ట్యాంక్‌బండ్_నడక ఆ రివ్యూ నిజమే అండి, అడుగుల విషయంలో మీతో ఏకీభవిస్తా. నడిపించడానికి వాచ్ పనికొస్తుంది. కానీ ఎక్కువ నడిస్తే రిపోర్టులు వాటంతటవే మారిపోతాయని కాదు. సింగపూర్‌లో 800 మంది ఉద్యోగులతో చేసిన ట్రయల్ 2016లో వచ్చింది, ఫిట్‌బిట్ ఇచ్చారు, కొందరికి నడిచినందుకు డబ్బులు కూడా ఇచ్చారు. నడక పెరిగింది, బరువు, బీపీ మాత్రం మెరుగుపడలేదు, డబ్బులు ఆపేశాక ఆ గ్రూపు నడక కూడా తగ్గిపోయింది. మామయ్యగారికి కావాల్సింది హెచ్‌బీఏ1సీ తగ్గడం కదా, అందుకే అంత గట్టిగా చెప్పాను.

భీమవరం_మాస్టారు:

మన దగ్గర జరిగిన రెండు స్టడీలు ఎవరూ ఎత్తలేదే అని రాస్తున్నాను.

ఒకటి మా పశ్చిమ గోదావరి జిల్లాలోనే, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే వైద్య పరిశోధన సంస్థ వాళ్ళు చేశారు. 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో ఆశా కార్యకర్తలకి ట్యాబ్‌లు ఇచ్చి, ఇంటింటికీ వెళ్ళి బీపీ చూసి గుండెజబ్బు ముప్పు ఎవరికుందో లెక్కగట్టి డాక్టరు దగ్గరికి పంపే ఏర్పాటు. 2019లో ఫలితాలొచ్చాయి. ఆశాలు అద్భుతంగా పనిచేశారు, ముప్పున్న మనుషుల్ని వెతికి పట్టుకున్నారు, కానీ బీపీ అదుపులోకి వచ్చినవాళ్ళ శాతం చూస్తే ట్యాబ్ ఉన్నప్పటికీ లేనప్పటికీ తేడా తేలలేదు. ముప్పుందని ట్యాబ్ చెప్తుంది, ఆ తర్వాత మందు చేతికందాలి, అది నెలనెలా వేసుకోవాలి, ఆ పని ట్యాబ్ చెయ్యలేదు.

రెండోది మీ మామయ్యగారిలాంటి వాళ్ళ మీదే. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ గారి బృందం దక్షిణాదిలో షుగర్ బార్డర్‌లో ఉన్న 537 మంది ఉద్యోగస్తులైన మగవాళ్ళని తీసుకున్నారు. అందరికీ తిండి గురించి, నడక గురించి మొదట్లో ఒకసారి చెప్పారు. సగం మందికి మాత్రం అదనంగా ఫోన్‌కి మామూలు ఎస్ఎంఎస్‌లు పంపుతూ వచ్చారు. యాప్ లేదు, వాచ్ లేదు. రెండేళ్ళకి మెసేజ్‌లు రానివాళ్ళలో 27 శాతం మందికి షుగర్ వచ్చేసింది, మెసేజ్‌లు వచ్చినవాళ్ళలో 18 శాతానికి. 2013లో లాన్సెట్ వాళ్ళ జర్నల్‌లో వచ్చింది ఇది. మామూలు ఎస్ఎంఎస్ అండీ! దీని గురించి మన పేపర్లలో రావాల్సినంత రాలేదని నా బాధ.

డల్లాస్_తెలుగమ్మ:

మీ ఇంట్లో టీనేజ్ పిల్లలుంటే ఒక్క మాట అక్కా. మామయ్యగారికోసం కొన్న యాప్ పిల్లల ఫోన్లోకి ఎక్కకుండా చూసుకోండి. ఇక్కడ మా పాప కాలేజీలో చేరిన కొత్తలో ఒక క్యాలరీ యాప్ పెట్టుకుంది, ఏ యాప్ అన్నది వదిలేయండి, మొదట్లో మేం కూడా మంచిదే కదా అనుకున్నాం. తర్వాత తర్వాత అంకె తెలియని తిండి ముట్టుకోవడమే మానేసింది, నేను చేసిన పులిహోర కూడా. కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళాకే తేరుకుంది. ఆవిడే చెప్పారు, 2017లో ఈటింగ్ డిజార్డర్ ఉన్న 105 మందిని అడిగితే నాలుగింట మూడొంతుల మంది క్యాలరీ ట్రాకర్ వాడినవాళ్ళేనట, అలా వాడినవాళ్ళలో 73 శాతం మంది తమ జబ్బు పెరగడానికి అది కూడా కారణం అన్నారట. యాప్ వల్లే జబ్బు వచ్చిందని ఆ స్టడీ చెప్పట్లేదు, నేనూ చెప్పట్లేదు, కానీ తిండి గురించి ముందే భయం ఉన్న పిల్లలకి అది మంచిది కాదు.

ఖమ్మం_కోడలు:

అందరికీ చాలా చాలా థాంక్స్. మాస్టారూ, మీరు చెప్పిన ఎస్ఎంఎస్ స్టడీ మామయ్యగారికి చదివి వినిపించా, రోజూ నాకు నువ్వే మెసేజ్ పెట్టమ్మా అంటున్నారు. ఇంకో సందేహం, మా మరిది చూపిస్తున్న వాచ్‌లో సూది గుచ్చకుండానే షుగర్ కూడా తెలుస్తుందట, అదైనా తీసుకోవచ్చా? అసలిప్పుడు ఏం మొదలుపెట్టాలో కూడా ఎవరైనా చెప్పండి.

తార్నాక_డైటీషియన్:

అది మాత్రం వద్దే వద్దండి. చర్మం గుచ్చకుండా షుగర్ కొలుస్తాం అనే వాచ్‌లు, ఉంగరాలు వాడొద్దని 2024 ఫిబ్రవరిలో అమెరికాలో మందులకి, వైద్య పరికరాలకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ ప్రజలకి హెచ్చరిక ఇచ్చింది, అలాంటి ఒక్కదానికి కూడా తాము అనుమతి ఇవ్వలేదని చెప్పింది. రోజంతా షుగర్ కొలుస్తూ ఉండేలా చేతికి అతికించుకునే సీజీఎం సెన్సార్లు వేరు, వాటికి సన్నటి తీగ చర్మం లోపలికి వెళ్తుంది. ఈ దశలో మామయ్యగారికి అదీ అక్కర్లేదు.

ఏం మొదలుపెట్టాలి అంటే, బార్డర్ షుగర్‌కి ఇప్పటికీ గట్టి ఆధారం ఉన్నది 2002లో అమెరికాలో వచ్చిన డీపీపీ (షుగర్ రాకుండా ఆపడం మీద చేసిన) ట్రయల్‌కే. బరువు 7 శాతం తగ్గించడం, వారానికి 150 నిమిషాల నడక లక్ష్యంగా పెడితే షుగర్ వచ్చేవాళ్ళు 58 శాతం తగ్గారు. మందు వాడిన గ్రూపులో అది 31 శాతమే. ఆ ట్రయల్‌లో బరువు, నడక గ్రూపులో అందరికీ ఒక కోచ్ ఉండేవారు, వాళ్ళు తిన్నవి రాసుకొస్తే కూర్చోబెట్టి మాట్లాడేవారు. మన దేశంలో 2006లో వచ్చిన అలాంటి ట్రయల్‌లో 28.5 శాతం తగ్గారు, మన ఒళ్ళు కాస్త వేరు, అయినా పనిచేసింది.

మామయ్యగారు టీచరు కాబట్టి పుస్తకంలో ఆయనే రాసుకోగలరు. క్యాలరీలు వద్దు, ఏం తిన్నారు, ఎన్నింటికి తిన్నారు, ఎన్ని గరిటెల అన్నం పెట్టుకున్నారు, అంతే. ఇంట్లో నెలకి ఎంత నూనె అవుతోందో ఆ ప్యాకెట్లు మీరు లెక్కపెట్టండి, అది ఏ యాప్ అంకెకంటే నమ్మకంగా ఉంటుంది. ఒంటికి పడితే రాత్రి అన్నం తగ్గించి పప్పు, కూర పెంచండి, మీ జొన్నరొట్టె కూడా బాగానే ఉంటుంది. వారానికోసారి ఆ పుస్తకం మీరో మీ మరిదో ఫోన్లో అయినా ఆయనతో కలిసి చూడండి, మరిదికి అంత ఉత్సాహం ఉంది కదా, ఆ పని అతనికి అప్పజెప్పండి. నడకకి తోడు కావాలంటే మామూలు అడుగులు లెక్కపెట్టే వాచ్ చాలు, చాలా ఫోన్లలోనే అది ఉంటుంది. మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ మాత్రం ఇప్పుడు చేయించిన ల్యాబ్‌లోనే చేయించండి, ల్యాబ్ మారితే 0.2 తేడా నిజంగా తగ్గిందో మిషన్ తేడానో చెప్పలేం. డాక్టరుగారి దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ పుస్తకం కూడా తీసుకెళ్ళండి.