బోధన్‌ను పట్టణం చేసింది కాలువా, చక్కెర ఫ్యాక్టరీయా?

శక్కర్‌నగర్ సైరన్: 2015 డిసెంబరులో నిజాం షుగర్ ఫ్యాక్టరీ మూతపడ్డాక మా బోధన్ కళ తప్పింది. 1937లో అది రాకపోయి ఉంటే ఇది మామూలు పల్లెగానే మిగిలేది. కాదనేవారు ఉన్నారా?

మంజీర గట్టు: నేనున్నాను. మంజీర మీద నిజాంసాగర్ 1923లో మొదలై 1931కి పూర్తయింది. ఆ నీళ్లు లేనిదే చెరకు ఎక్కడిది, చెరకు లేనిదే మీ చిమ్నీ ఎక్కడిది? పైగా పల్లె అంటారా! ప్రాచీన అశ్మక రాజ్యానికి రాజధాని అయిన పోదన ఇదేనని ఎందరో చరిత్రకారులు రాశారు. ఆ మాట వెనక్కి తీసుకోండి.

శక్కర్‌నగర్ సైరన్: పోదనను చూసి ఎవరైనా అప్పిచ్చారా అన్నా? కిరాణా కొట్టు ఖాతాలన్నీ ఫ్యాక్టరీ జీతాల మీదే నడిచేవి. క్రషింగ్ మొదలైతే గాలి నిండా మడ్డి వాసన. అమ్మ ఆరేసిన బట్టల మీద నల్లటి మసి రాలేది, తిట్టుకుంటూ మళ్లీ ఉతికేది. ఇప్పుడు మసి లేదు, కొత్త బట్టలు కొనేవాళ్లూ తగ్గారు.

సోయా రైతు: చెరకు మానేసి వరి, సోయా వేసుకుంటున్నాం. ఇంకా ఆ చిమ్నీ గొడవేనా?

క్యాంపు మనవడు: నీళ్లుంటే సరిపోయిందా? కోస్తా నుంచి మా తాతలు వచ్చి రేగడి చేలను మళ్లుగా మార్చారు. వాళ్లు స్థిరపడ్డ ఊళ్ల పేర్ల చివర క్యాంపు అని ఇప్పటికీ ఉంది.

మంజీర గట్టు: వచ్చింది అసలు మాట. మేనత్త పెళ్లికని మా తాత ఐదెకరాలు మీ క్యాంపుల్లోనే ఒకరికి అమ్మాడు. కాలువ పొలం పక్కనే పారుతున్నా, చేను చదును చేయించడానికి ఆయన దగ్గర డబ్బు లేదు. ఇవాళ అదే పొలం నేను కౌలుకు చేస్తున్నాను. చెమట ఎవరిదో నాకు చెప్పకండి.

క్యాంపు మనవడు: కొన్నారు, లాక్కోలేదు. మూడు తరాలైంది. బడిలో నన్ను క్యాంపు పిల్లాడనేవారు, గుంటూరు వెళ్తే తెలంగాణ అబ్బాయి అంటారు. నాది ఏ ఊరో మీరే చెప్పండి.

శక్కర్‌నగర్ సైరన్: నేను అడిగింది ఫ్యాక్టరీ గురించి.

మంజీర గట్టు: ఊరు నీది కాదని నేననలేదు తమ్ముడూ. పొలం మాది కాకుండా పోయిందంటున్నాను. సైరన్ గారూ, ఆ పల్లె అన్న మాట ఇంకా అలాగే ఉంది.