ఫాస్ఫరస్ బిళ్లలు: కాల్షియం చాలా, సెవెలమర్ కావాలా?

మద్దిలపాలెం కోడలు:
మా మామగారికి 67 ఏళ్లు. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఫాస్ఫరస్ 6.8కి చేరింది. ఇంతకాలం కాల్షియం ఎసిటేట్ వాడారు, ఈసారి డాక్టరు గారు సెవెలమర్ రాశారు. మందుల ఖర్చు ఒక్కసారిగా పెరిగింది. పాత బిళ్లే ఇంకొకటి ఎక్కువ వేస్తే సరిపోదా?

పెదవాల్తేరు:
సరిపోతుందనే అంటాను. తిండిలోని ఫాస్ఫరస్‌ను పేగుల్లోనే పట్టి బయటికి పంపడం రెండింటి పనీ. 2007లో వెలువడిన డీకార్ అనే అధ్యయనంలో రెండు వేల మందికి పైగా డయాలసిస్ రోగుల్లో కాల్షియం బిళ్లలను, సెవెలమర్‌ను పోల్చి చూశారు. మొత్తం మీద మరణాల్లో తేడా తేలలేదు.

గాజువాక మందుల షాపు:
సగం చెప్పి వదిలేశారండీ. అదే అధ్యయనంలో 65 దాటినవారిలో సెవెలమర్ వైపు మొగ్గు కనిపించింది. కాల్షియం బిళ్లలో కొంత ఒంటికి పడుతుంది. కిడ్నీలు పనిచేయనివారిలో అది రక్తనాళాల గోడల్లో పేరుకునే ప్రమాదం ఉంది. కిడ్నీ జబ్బుల వైద్యానికి దారి చూపే అంతర్జాతీయ సంస్థ కేడీగో 2017 మార్గదర్శకాలు కాల్షియం బిళ్లల మోతాదుకు కళ్లెం వేయమన్నది అందుకే. అమ్మేవాణ్ణి కాబట్టి ఖరీదైనది చెబుతున్నాననుకోకండి.

పెదవాల్తేరు:
అనుకున్నాను, దాచడమెందుకు! ఒక వయసువారిని విడదీసి చూసిన లెక్కతో తీర్పు చెప్పలేమండీ. అయితే ఆయన కాల్షియం ఎక్కువగా ఉంటే నా మాట వెనక్కి తీసుకుంటాను. ఎంత ఉందమ్మా?

మద్దిలపాలెం కోడలు:
10.6 అండీ.

పెదవాల్తేరు:
అయితే తీసుకున్నట్టే.

ఏడో నంబరు మంచం:
నేను రెండూ మింగినవాణ్ణి. సెవెలమర్‌తో మొదటి నెలంతా మలబద్ధకం. బిళ్ల చింతగింజ కంటే పెద్దది, నమలకూడదు. నీళ్లు కొలుచుకుని తాగే మాకు దాన్ని గొంతు దించడమే ఒక పరీక్ష. అది సరే, మామగారు బిళ్ల ఎప్పుడు వేసుకుంటున్నారో చూశావా అమ్మా? అన్నంతో కలవకపోతే రెండూ దండగే. హార్బరు నుంచి ఎండు నెత్తళ్లు తెచ్చుకుని ముల్లుతో సహా తింటే మాత్రం ఏ బిళ్లా గెలవదు.

మద్దిలపాలెం కోడలు:
మీరడిగాక ఆయన్ని అడిగాను. ఏడింటికి భోజనం, పదింటికి మూడు పూటల బిళ్లలూ ఒకేసారి! "అన్నం మధ్యలో మందేమిటమ్మా" అంటున్నారు.

గాజువాక మందుల షాపు:
ఖాళీ కడుపున వేసుకున్న కాల్షియం ఫాస్ఫరస్‌ను పట్టదు, రక్తంలోకి మరింతగా ఎక్కుతుంది. ఆ 10.6లో దీని వాటా కూడా ఉండవచ్చు. డాక్టరు గారికి ముందు ఈ సంగతి చెప్పండి. మందు మార్చాలో వేళ మార్చాలో ఆయనే చూస్తారు.

మద్దిలపాలెం కోడలు:
బుధవారం డయాలసిస్ ఉంది, అప్పుడే చెబుతాను. నెత్తళ్ల డబ్బా అటకెక్కించాను. మామగారు నాతో మాట్లాడటం లేదు.