చదువు రాని పెద్దవాళ్లకు డిమెన్షియా స్క్రీనింగ్: గుంటూరు పల్లెల్లో థీసిస్‌కి ఏ స్కేల్ పెట్టాలి?

పీజీ_గుంటూరు:
సైకియాట్రీ ఎండీ మొదటి సంవత్సరం, థీసిస్ ప్రోటోకాల్ రాస్తున్నాను. పెదకాకాని, చేబ్రోలు వైపు పల్లెల్లో 60 దాటినవాళ్లలో డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచన తగ్గిపోయే జబ్బు) ఎంతమందికి ఉందో చూడాలని ఆలోచన. ఇంటింటికీ వెళ్లి ఎంఎంఎస్‌ఈ (జ్ఞాపకం, లెక్క, భాష చూసే 30 మార్కుల పరీక్ష) పెట్టి, 24 కంటే తక్కువ వస్తే డిమెన్షియా అని రాసుకుందామనుకుంటున్నా. సందేహాలు మూడు. చాలామంది వేలిముద్ర వేసేవాళ్లే ఉంటారు, వాళ్లకి ఈ స్కేల్ పనికొస్తుందా? శాంపిల్ సైజ్ ఎంత? రక్తంలో పీ-టావ్ 217 (అల్జైమర్స్‌లో పెరిగే ప్రోటీన్) కూడా చేర్చితే పేపర్‌కి బరువు వస్తుందని సీనియర్లు అంటున్నారు, మన దగ్గర అయ్యే పనేనా? తెలిసినవాళ్లు చెప్పగలరు.

బెజవాడ_క్లిన్‌సైక్:
ముందు ఆ "24 కంటే తక్కువైతే డిమెన్షియా" వాక్యం కొట్టేయండి. లెక్క వేసి చూడండి. ఎంఎంఎస్‌ఈ మొత్తం 30. అక్షరం రాని ఆమెకు చదివి చేసేది 1, వాక్యం రాసేది 1, ఐదుకోణాల బొమ్మలు దించేది 1, వందలోంచి ఏడేసి తీసేసే లెక్క 5. మొత్తం 8 మార్కులు బడికి పోనందుకే పోతాయి. మిగతావన్నీ తప్పు లేకుండా చెప్పినా 22. అంటే ఇంటిల్లిపాదికీ వండిపెట్టి, పాల లెక్క, చీటీ లెక్క నోటితో చెప్పే మనిషిని మీ కాగితం రోగిని చేస్తుంది. అలాంటిదే ఇంకో పరీక్ష మోకా, అది ఇంకా కష్టం. 12 ఏళ్లో అంతకంటే తక్కువో చదివినవాళ్లకు ఒక్క మార్కు కలుపుతారు గానీ, అసలు పలక పట్టనివాళ్లకు ఆ ఒక్కటి ఏ మూలకి? మోకా కావాలంటే తక్కువ చదువువాళ్ల కోసం చేసిన మోకా-బేసిక్ వేరే ఉంది.

చదువు రానివాళ్ల కోసం మన దేశంలో చేసిన పాత పరీక్ష హెచ్‌ఎంఎస్‌ఈ (హిందీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్). హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల కోసం 1990లలో తయారైంది. చదివే చోట "నన్ను చూసి నేను చేసినట్టే చెయ్యండి" అని, రాసే చోట "మీ ఇంటి గురించి ఒక మాట చెప్పండి" అని మార్చారు. దాన్ని మీరే కూర్చుని హిందీ నుంచి తెలుగు చేసుకుని వాడకండి. తెలుగు చేసి, ఆ తెలుగుని మూలం చూడని ఇంకొకరితో వెనక్కి హిందీ చేయించి, తేడాలు సరిచూశాకే బయటికి తీయాలి. అంత శ్రమ వద్దనుకుంటే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) న్యూరోకాగ్నిటివ్ టూల్ బాక్స్ అనే పరీక్షల సెట్ ఐదు భాషల్లో ఉంది, అందులో తెలుగు ఒకటి. ముందు దానికి అనుమతి అడగండి.

పెట్టే పద్ధతిలోనే సగం పాడవుతుంది. చెవి సరిగా వినపడదా అని పేరు మెల్లగా పిలిచి చూడండి, కళ్లజోడు పెట్టించండి, టీవీ ఆపించండి. కోడలో మనవడో పక్కనుంచి అందిస్తే ఆ మార్కు చెల్లదు, వాళ్లను వేరే గదిలో కూర్చోబెట్టండి. తేదీ అడిగితే "మాఘ బహుళ విదియ" అంటారు కొందరు. అది సరైతే ఒప్పుకోవాలా వద్దా అన్నది ముందే మాన్యువల్‌లో రాసుకోవాలి, ఇంటికో రూలు పెడితే డేటా చెత్తబుట్టకే. గుర్తుపెట్టుకోమని ఇచ్చే మూడు మాటల్లో ఏదీ ఆ గదిలో కనపడకూడదు. మంచం మీద కూర్చున్న పెద్దాయనకు "మంచం" ఇచ్చారంటే జవాబు ఆయన కిందే ఉంది. ఒక నిమిషంలో జంతువుల పేర్లు చెప్పించేటప్పుడు కుక్క, శునకం రెండూ ఒకటే. ఆవు, ఎద్దు, దూడల సంగతి ముందే తేల్చుకోండి. "ప"తో మొదలయ్యే మాటలు చెప్పమనే పరీక్ష అక్షరాలు రానివాళ్లకు వద్దు, గడియారం బొమ్మా అంతే.

కమ్యూనిటీ_మెడిసిన్:
శాంపిల్ సంగతి. లాసీ-డాడ్ జాతీయ అధ్యయనం 60 దాటినవాళ్లలో డిమెన్షియా 7.4 శాతం అని అంచనా వేసింది. దాన్ని పట్టుకుని, 2 శాతం అటూఇటూ తేడా ఒప్పుకుంటే దాదాపు 660 మంది కావాలి. ఊళ్లను క్లస్టర్లుగా (గుంపులుగా) తీసుకుంటే డిజైన్ ఎఫెక్ట్ 1.5 పెట్టండి, అంటే ఒకే ఊరివాళ్లు ఒకేలా ఉంటారు కాబట్టి ఒకటిన్నర రెట్లు, 990. ఇంట్లో లేనివాళ్లు, వద్దనేవాళ్లు 10 శాతం అనుకుంటే 1100. ఒక్క పీజీ వల్ల అయ్యేది కాదు. తేడాని 3 శాతానికి పెంచితే 293కి దిగుతుంది నిజమే, కానీ అప్పుడు మీ జవాబు "4.4 నుంచి 10.4 మధ్య ఎక్కడో" అని వస్తుంది. దాంతో ఎవరికీ ఉపయోగం లేదు.

పైగా స్క్రీనింగ్‌లో తక్కువ వచ్చినవాళ్లనే డాక్టర్ చూస్తే సరిపోదు. బాగా వచ్చినవాళ్లలోనూ పదిమందికొకరిని లాటరీ తీసి పూర్తిగా పరీక్షించాలి. లేకపోతే స్కేల్ ఎంతమందిని వదిలేసిందో ఎప్పటికీ తేలదు.

ఫీల్డ్‌వర్క్ కాలం కూడా చూసుకోండి. మిరప కోతలప్పుడు ఇంట్లో పనిచేసే వయసువాళ్లు ఎవరూ ఉండరు, పెద్దాయన గురించి చెప్పే మనిషి దొరకదు. రోహిణి కార్తెలో పెట్టుకుంటే నీళ్లు తగ్గి, సోడియం తగ్గి తికమకపడేవాళ్లు కూడా మీ లెక్కలోకి వచ్చేస్తారు. కోతలయ్యాక, ఎండలు ముదరకముందు కొద్ది రోజులే దొరుకుతాయి. లేదంటే వానాకాలం వెళ్లాక. రోజులో ఎప్పుడంటే పొద్దున పూటే. డిమెన్షియా ఉన్నవాళ్లలో కొందరికి సాయంత్రమయ్యేసరికి గందరగోళం ఎక్కువవుతుంది.

సైకియాట్రిస్ట్_పాతకాపు:
పైవాళ్లు స్కేల్ గురించి చెప్పారు కాబట్టి మిగిలింది చెబుతా. మార్కులు ఎన్ని తగ్గినా, రోజువారీ పనిలో ఇంతకుముందు చేయగలిగింది ఇప్పుడు చేయలేకపోతేనే డిమెన్షియా. మానసిక జబ్బుల నిర్ధారణ పుస్తకం డీఎస్‌ఎం-5లో మేజర్‌కీ (అంటే డిమెన్షియా), మైల్డ్‌కీ (అంతకంటే తేలికైనది) గీత అక్కడే. ఆ ప్రశ్న మీ ప్రోటోకాల్‌లో అసలు లేదు. మన ఊళ్ల కోసం ఈజీ అనే ఎవ్రీడే ఎబిలిటీస్ స్కేల్ ఫర్ ఇండియా ఉంది, దాన్ని చేర్చండి. "బ్యాంక్ పనులు చేసుకుంటారా?" అని ఆడవాళ్ల గురించి అడగొద్దు, జీవితంలో బ్యాంక్ గడప తొక్కనామె "లేదు" అంటుంది. కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తోందా, పొయ్యి మీద పెట్టి మర్చిపోతోందా, తెలిసిన ఇంటికి వెళ్లి దారి తప్పిందా అని అడగండి. మగవాళ్లయితే యార్డులో మిరపకాయల టిక్కీలు (బస్తాలు) ఎన్ని దించారు, రేటెంత, చేతికెంత వచ్చిందన్న లెక్క ఈమధ్య తప్పుతున్నారా అని. చెప్పే మనిషి రోజూ కలిసి ఉండేవాళ్లు కావాలి. హైదరాబాద్ నుంచి పండక్కి వచ్చిన కొడుకు "నాన్న బానే ఉన్నాడండీ" అంటాడు, ఆ మాట నమ్మితే మునిగినట్టే.

డిప్రెషన్ లేదని తేల్చకుండా డిమెన్షియా రాయొద్దు. పెద్దవాళ్ల డిప్రెషన్ ప్రశ్నావళి జీడీఎస్-15లో 5 దాటితే ఆగండి. వాడుతున్న మందులు చూడండి, ట్రైహెక్సీఫెనిడిల్, అమిట్రిప్టిలిన్, జలుబుకి వేసుకునే క్లోర్‌ఫెనిరమిన్, ఇవన్నీ పెద్దవాళ్ల జ్ఞాపకాన్ని మొద్దుబారుస్తాయి. రక్తంలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), బీ12, హీమోగ్లోబిన్, షుగర్, సోడియం, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) చూడండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో, రోజూ గ్యాస్ మాత్ర మింగేవాళ్లలో బీ12 తగ్గుతుంది, మన జిల్లాలో ఈ రెండూ లేని ఇల్లు వెతకాలి.

ల్యాబ్_వైపు:
పీ-టావ్ 217 వదిలేయండి. పీ-టావ్ 217కి అమిలాయిడ్‌తో (అల్జైమర్స్‌లో మెదడులో పేరుకునే ఇంకో ప్రోటీన్‌తో) నిష్పత్తి చూసే రక్తపరీక్షకు అమెరికా ఎఫ్‌డీఏ 2025 మే నెలలో అనుమతి ఇచ్చింది గానీ, అది కూడా జ్ఞాపకశక్తి లక్షణాలతో స్పెషలిస్టు దగ్గరికి వచ్చినవాళ్లకు, ఊరంతా స్క్రీన్ చేయడానికి కాదు. పైగా ఈడీటీఏ ట్యూబులో తీసిన రక్తాన్ని త్వరగా సెంట్రిఫ్యూజ్ చేసి, ప్లాస్మాని పాలీప్రొపిలీన్ గొట్టాల్లోకి మార్చి మైనస్ 80లో పెట్టాలి. వేరే గొట్టాలైతే అమిలాయిడ్ గోడలకి అంటుకుపోయి రీడింగ్ తప్పుతుంది. పల్లె నుంచి జీజీహెచ్‌కి (గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రికి) తేవడం ఆలస్యమైతే నమూనాలు పాడయ్యే ప్రమాదం ఉంది. కిడ్నీ సరిగా లేనివాళ్లలో పీ-టావ్ ఊరికే పెరుగుతుంది కూడా.

పీజీ_గుంటూరు:
అందరికీ ధన్యవాదాలు. అంతమంది శాంపిల్ నా ఒక్కడి వల్ల కాదు కాబట్టి ప్రివలెన్స్ (జబ్బు ఎంతమందికి ఉందన్న లెక్క) వదిలేస్తే థీసిస్‌కి ఏం మిగులుతుంది మరి?

బెజవాడ_క్లిన్‌సైక్:
ఇంకా మంచిది మిగులుతుంది. గుంటూరు పల్లెలో బాగున్న, చదువు రాని, కొద్దిగా చదివిన పెద్దవాళ్లు మీరు ఎంచుకున్న పరీక్షలో మామూలుగా ఎన్ని మార్కులు తెచ్చుకుంటారు అన్నది తేల్చండి. వయసు మూడు భాగాలు: 60-69, 70-79, 80 పైన. చదువు మూడు: బడికి పోనివాళ్లు, 1-5 తరగతులు, ఆపైన. తొమ్మిది గళ్లు, గడికి 30 మంది అంటే 270. 80 దాటి చదువుకున్న గడి నిండదు, దాన్ని పక్కదానితో కలిపేస్తామని ముందే రాసుకోండి. తీసుకునేవాళ్లకి ఈజీ, జీడీఎస్ రెండూ మామూలుగా ఉండాలి, పక్షవాతం వచ్చినవాళ్లు, బీ12 200 కంటే తక్కువ ఉన్నవాళ్లు బయటికి. ప్రతి గడిలో కింది పదో శాతం ఎక్కడ పడుతుందో, మీ జిల్లాకి కటాఫ్ అదే. మొదలుపెట్టేముందు మీరూ ఇంకొకరూ ఒకే 15 మందికి విడివిడిగా మార్కులు వేసి కప్పా (ఇద్దరి మార్కులు ఎంత కలుస్తున్నాయో చెప్పే అంకె) చూసుకోండి, 0.8 రాకపోతే మాన్యువల్‌లో ఎక్కడో తేడా ఉన్నట్టు.

సైకియాట్రిస్ట్_పాతకాపు:
ఎథిక్స్ కమిటీకి పంపేముందు ఒకటి. వేలిముద్ర తీసుకునే చోట మీ టీమ్‌కి సంబంధం లేని, చదవగలిగిన సాక్షి సంతకం ఉండాలి, ఆశా వర్కర్ మీ పనిలో ఉంటే ఆమె పనికిరాదు. సమ్మతి పత్రం మొత్తం గట్టిగా చదివి వినిపించి, "ఏం చెప్పానో మీ మాటల్లో చెప్పండమ్మా" అని అడగండి. చెప్పలేకపోతే ఇంట్లో చట్టప్రకారం బాధ్యత ఉన్నవాళ్ల సంతకం కావాలి, అప్పుడు కూడా ఆమె వద్దంటే వద్దు. తక్కువ వచ్చినవాళ్లను ఏ వారం, ఏ ఓపీకి పంపుతారో ప్రోటోకాల్‌లోనే రాయండి, కమిటీ మొదట అడిగేది అదే.