1968 ఫియట్ 1100: ఇంజన్ మార్చెయ్యాలా, ఉన్నదాన్నే బాగు చేయించాలా?

తార్నాక_ఫియట్:
మా పెదనాన్న వాడిన ఫియట్ 1100 డిలైట్ (1100డీ మోడల్) ఇప్పుడు నా చేతికొచ్చింది. నడుస్తుంది కానీ నీలం పొగ, పైగా ఎండల్లో సిగ్నల్ దగ్గర ఆగితే మళ్లీ స్టార్ట్ కాదు. మెకానిక్ మారుతి ఇంజన్, స్టీరింగ్ దగ్గరున్న గేర్ రాడ్ తీసి ఫ్లోర్ గేర్ వేసేద్దాం, టెన్షన్ ఉండదు అంటున్నాడు. నాకేమో ఇటాలియన్ బండి కదా, కాస్త కిందికి దించి, ముందు డిస్క్ బ్రేకులు పెట్టి స్పోర్ట్స్ కారులా చేద్దామని ఉంది. ఏం చేయమంటారు?

రాణిగంజ్_అన్న:
తమ్ముడూ, కటింగ్ మిషన్ పట్టుకునే ముందు రూల్ చూసుకో. 50 ఏళ్లు దాటిన బండికి 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది, నంబర్‌లో వీఏ అని వస్తుంది. కానీ చాసిస్, బాడీ షెల్, ఇంజన్ మార్చిన బండికి అది రాదు. ఫియట్‌కి విడి చాసిస్ లేదు, బాడీయే చాసిస్. అంటే ఫ్లోర్ గేర్ కోసం టన్నెల్ (ముందు సీట్ల మధ్య నేల రేకు ఉబ్బు) కోశావో, షెల్ మార్చినట్టే అనొచ్చు. అదలా ఉంచితే, పర్మిషన్ లేకుండా ఇంజన్ మారిస్తే మామూలు ఆర్సీకీ తలనొప్పే.

మలక్‌పేట్_కార్బ్:
అన్న చెప్పింది నిజమే కానీ సగమే. వింటేజ్ నంబర్ తీసుకుంటే రోజూ ఆఫీసుకి వేసుకెళ్లడం కుదరదు భాయ్, ర్యాలీలకి, ప్రదర్శనలకి, పెట్రోలు కొట్టించడానికి, రిపేరుకి మాత్రమే. రోజూ తిప్పాలనుకుంటే మామూలు ఆర్సీనే రెన్యువల్ చేయించుకుంటూ పో.

ఇక ఎండలో ఆగడం వేపర్ లాక్. పెట్రోలు పంపు ఇంజన్‌కే అతుక్కుని ఉంటుంది, ఆ వేడికి లోపల పెట్రోలు ఆవిరైపోతే పంపు లాగలేదు. పాతకాలం డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ చుట్టేవాళ్లు, ఇప్పటికీ అర్జెంటుకి అదే మందు. పర్మనెంటుగా కావాలంటే పైపుని ఎగ్జాస్ట్‌కి దూరంగా జరిపించి, మధ్యలో రేకు అడ్డం పెట్టించు. కొందరు ట్యాంక్ దగ్గర ఎలక్ట్రిక్ పంపు పెడతారు, మంచిదే, కానీ కార్బ్యురేటర్ బండికి పనికొచ్చే తక్కువ ప్రెషర్‌ది అడుగు, ఇంజెక్షన్ బండిది తెచ్చావంటే కార్బ్యురేటర్ పొంగి ఇంజనంతా పెట్రోలు కంపు. రబ్బరు పైపులన్నీ మార్చు, ఇథనాల్ కలిసిన పెట్రోలుకి పాత రబ్బరు మెత్తబడిపోతుంది.

నీలం పొగంటే ఆయిల్ కాలుతోంది. కంప్రెషన్ (సిలిండర్లలో ఒత్తిడి) చూడకుండా ఇంజన్ మార్చెయ్యమన్నవాడికి ఆ ఇంజన్ అర్థం కాలేదనే నా లెక్క.

టొరినో_టు_ట్యాంక్‌బండ్:
స్పోర్ట్స్ కారు కావాలా? బానెట్ కింద ఉన్నది చూడు. ఇటలీలో 1962 తర్వాత 1100డీకి 1221 సీసీ ఇచ్చారు, మనకి మాత్రం 1089 సీసీనే ఉంచేశారు. ఆ 1089 సీసీ ఫియట్ ఇంజన్నే ట్యూన్ చేసి చిసిటాలియా 202 అనే ఇటలీ స్పోర్ట్స్ కారులో పెట్టారు, పినిన్‌ఫరీనా అనే డిజైన్ కంపెనీ బాడీ వేసిన ఆ కారు ఇప్పుడు న్యూయార్క్‌లోని మోమా ఆధునిక కళల మ్యూజియంలో ఉంది. నువ్వేమో దాన్ని తీసి మారుతిది పెడతానంటున్నావ్! పిస్టన్ రింగులు, వాల్వులు చేయించు. డిస్కులు ఇప్పుడే వద్దు, నాలుగు డ్రమ్ములూ సరిగ్గా సెట్ చేస్తే మన ట్రాఫిక్‌కి చాలు.

తార్నాక_ఫియట్:
సరే, ఇంజన్ మార్చను. ముందు కంప్రెషన్ చూపిస్తా. కార్పెట్ తీస్తే డ్రైవర్ కాళ్ల దగ్గర రేకు తుప్పు పట్టి వేలు దిగుతోంది, అది కోసి కొత్త రేకు వెల్డింగ్ చేస్తే కూడా షెల్ మార్చినట్టేనా?

రాణిగంజ్_అన్న:
తుప్పు తీసి అదే షేపులో రేకు వేస్తే రిపేరే అనుకుంటా, అయినా కోసే ముందు ఆర్టీఏలో అడిగి, ఫొటోలు తీసి పెట్టుకో.